నూటికి మూడు వందల ఇరవై

నా ఉద్యోగ జీవితంలో రాసినవాటన్నిటిలోకీ అందమైన నివేదిక పన్నెండుమంది ఆడవాళ్ళ పని పోగొట్టబోయింది. అందులో నాలుగు పేజీలున్నాయి, రెండు గ్రాఫులున్నాయి, కాంతి ఎలా చెదురుతుందో చెప్పే సమీకరణం ఒకటుంది. తప్పు కూడా ఒక్కటే ఉంది. అది మొదటి పేజీలోనే ఉంది. మిగతా మూడు పేజీలూ దాన్ని వెనకేసుకురావడానికే ఖర్చయ్యాయి.

ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉంటున్నాను. మెషీన్ లెర్నింగ్ నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి అనుభవాలు చెప్పమంటారు. గెలిచిన కథలు చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివి కొన్ని ఉన్నాయి గానీ వాటిల్లో నేను నేర్చుకున్నదీ తక్కువే, నవ్వుకున్నదీ తక్కువే. ఈ కథలో రెండూ ఉన్నాయి కాబట్టి ఇదే చెబుతాను.

నేను భౌతికశాస్త్రం మనిషిని. పాతికేళ్ళు బెంగుళూరులో ఒక ప్రయోగశాలలో, కిటికీలు లేని గదిలో కూర్చుని, లేజరు కాంతి ధూళి కణాల మీద పడి ఎటెటు చెదురుతుందో కొలిచాను. ఆ పని ఎవరికి పనికొస్తుందని మా ఆవిడ అడిగేది. ముందు ముందు పనికొస్తుందని చెప్పేవాణ్ణి. ముందు ముందు రాకముందే ఆ ప్రాజెక్టు మూసేశారు. అప్పుడు పక్క గదిలో పనిచేసే సహోద్యోగి ఒకాయన, "మీరు చేసే లెక్కలూ మెషీన్ లెర్నింగ్ వాళ్ళు చేసే లెక్కలూ ఒకటే సార్. వాళ్ళకు ఏసీ ఎక్కువ, అంతే తేడా" అన్నాడు. యాభై దాటిన వయసులో మళ్ళీ పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. అలా ఒక సోలార్ కంపెనీలో చేరి, కర్ణాటకలోని పావగడ తాలూకాలో, వల్లూరు వైపు ఆ కంపెనీకున్న సోలార్ బ్లాకుకు వచ్చాను.

మా సొంతూరు కళ్యాణదుర్గం దగ్గర. రాష్ట్రం మారిందన్న మాటే గానీ పావగడలో నాకు కొత్తగా అనిపించిందేమీ లేదు. అదే బండల గుట్టలు, అదే ఎర్రమన్ను, అదే మాట. ఒకప్పుడు చెనక్కాయ చేలుండిన చోట ఇప్పుడు కనుచూపు మేరా నల్లటి సోలార్ ప్లేట్లు. అంతే కొత్త.

పని గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే నా ఘనకార్యం మీకు అర్థం కాదు. ప్లేట్లు బాగా పనిచేస్తున్నాయా లేదా తెలియాలంటే రెండు అంకెలు కావాలి. ఎంత ఎండ పడిందన్నది ఒకటి, ఎంత కరెంటు వచ్చిందన్నది ఇంకొకటి. బడి పరీక్షలాంటిదే ఇది. పరీక్ష ఎన్ని మార్కులకో ఎండ చెబుతుంది, పిల్లవాడికి ఎన్ని వచ్చాయో కరెంటు మీటరు చెబుతుంది. ఎండను కొలవడానికి ప్లేట్ల వరస చివర ఒక ఇనుప స్తంభం, దాని మీద అర నిమ్మచెక్కంత గాజు గుండు ఉండేవి. గుండు లోపల సెన్సర్. నూటికి ఎన్ని మార్కులొచ్చాయన్నది కంట్రోల్ రూమ్ గోడకున్న పెద్ద తెర మీద ఎప్పుడూ కనబడుతూ ఉండేది. మామూలుగా ఎనభై చిల్లర. తగ్గితే ఎందుకు తగ్గిందో చెప్పే మోడల్ తయారుచెయ్యడం నా ఉద్యోగం.

కంట్రోల్ రూమ్‌లో ఆ తెర ముందు కూర్చునే ఆపరేటరు మొదట కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, పావగడ ఆయనే. అడిగినదానికి సరిగ్గా అడిగినంతే జవాబు చెప్పేవాడు. ఒక మాట ఎక్కువ చెబితే స్తంభం మీదనుంచి పడిపోతానన్నట్టు ఉండేవాడు. సైట్ మేనేజరు అందుకు పూర్తిగా తలకిందులు. తనకు తెలియని విషయం ఏదైనా సరే, తను మొదటినుంచీ చెబుతున్నానని అనేవాడు.

ఇక ప్లేట్లు తుడిచే ఆడవాళ్ళు పన్నెండుమంది. పొద్దున్నే నీళ్ళ ట్యాంకరు వెంట వచ్చి, పొడుగాటి కర్రల వైపర్లతో వరస తర్వాత వరస కడుక్కుంటూ పోయేవాళ్ళు. వాళ్ళకు పెద్ద ఒకామె ఉండేది. అందరూ మేస్త్రక్క అనేవాళ్ళు. నా ఈడుదే, ఒక రెండేళ్ళు చిన్నదేమో. మా మూడో ఇన్వర్టర్ గది కట్టిన చోటు వాళ్ళ చేను. లీజుకిచ్చి, అదే చేలో తుడిచే పనికి చేరింది. "ఈడ కలుపు తీసినా నేనే, ఇప్పుడు దుమ్ము తీసేదీ నేనే. పంటే మారిండేది" అనేది.

మోడల్‌కు ఏమేం ఇవ్వాలో మొదట నాకు తెలియలేదు. తెలియనప్పుడు మా వృత్తిలో చేసేదొకటుంది, దొరికిందల్లా పెట్టెయ్యడం. గాలి వేగం, వేడి, తేమ, ఏ రోజు ఏ వరస తుడిచారన్నది, ఆఖరికి గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు రాసే వాహనాల రిజిస్టరు కూడా ఎక్కించాను. రెండేళ్ళ లెక్క మొత్తం మింగి, మార్కులు తగ్గడానికి కారణాలు ఇవీ అని మోడల్ ఒక జాబితా ఇచ్చింది.

మొదటి కారణం, ప్లేట్లు తుడవడం.

రెండో కారణం, బెంగుళూరునుంచి మా డైరెక్టర్ కారు గేటు దాటి లోపలికి రావడం.

నేను రెండోదాన్ని చూసి నవ్వుకున్నాను. ఆవిడ వచ్చినప్పుడల్లా మా అందరి పనీ మందగిస్తుందని తెలుసు గానీ ప్లేట్లు కూడా భయపడతాయనుకోలేదు. తర్వాత నవ్వు ఆగి భయమేసింది. ఆవిడకు పంపే నివేదికలో ఈ మాట ఎలా రాస్తాం? ఏదో యాదృచ్ఛికంగా కుదిరిందిలే అనుకుని గేటు రిజిస్టరు వరసను మొత్తంగా తీసేశాను. తీశాక జాబితా శుభ్రంగా, మర్యాదగా కనబడింది.

మొదటి కారణం మాత్రం నాకు తెగ నచ్చింది. తుడిస్తే కరెంటు తగ్గడమేమిటి అని ఎవరైనా ఆగిపోతారు. నేను ఆగలేదు, ఎందుకంటే నా దగ్గర పాతికేళ్ళ చదువుంది. ఈ ప్రాంతం బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. కడిగాక ఆ ఉప్పు పొర అద్దం మీద సన్నగా ఆరిపోతుంది, ఆ పొర కాంతిని చెదరగొడుతుంది. అంతే. నా జీవితమంతా కొలిచిన విషయం చివరికి ఒక ఎండ పొలంలో నాకోసం ఎదురుచూస్తోందని ఒళ్ళు పులకరించింది. వారం రోజులు కూర్చుని సమీకరణం రాశాను. గ్రాఫు మీద చుక్కలన్నీ గీత మీదే వచ్చి కూర్చున్నాయి. మా ఆవిడకు ఫోన్ చేసి, "పనికొచ్చింది" అని చెప్పాను.

నివేదిక చూసి మేనేజరు, "ఉప్పు నీళ్ళు సార్. నేను మొదటినుంచీ చెబుతున్నాను" అన్నాడు.

డైరెక్టర్‌కు కూడా నచ్చింది. రెండు వారాలు తుడవడం ఆపి చూడమన్నారు. అది బాగుంటే తను స్వయంగా వచ్చి చూస్తానని, తర్వాత మా బ్లాకులో తుడిచేవాళ్ళను మానిపిస్తామని, మిగతా బ్లాకుల్లో కూడా అదే చేస్తామని రాశారు. ఆ రెండు వారాలూ పన్నెండుమందికీ స్తంభాల మొదట్లో గడ్డి పీకే పని ఇచ్చారు.

మూడో రోజు మధ్యాహ్నం మేస్త్రక్క కంట్రోల్ రూమ్ గుమ్మం దగ్గరికొచ్చింది. చెప్పులు బయట వదిలి, లోపలికి మాత్రం రాలేదు. ఏసీ గాలి తగిలే దాకా వచ్చి నిలబడింది.

"సారూ, మేము తుడిస్తే కరెంటు తగ్గుతాదని నీ మిషను చెప్పినాదంట. నిజమేనా?"

"నిజమేనమ్మా. నీళ్ళల్లో ఉప్పు ఉండాది గదా, అది పొర మాదిరి..." అని మొదలుపెట్టాను.

"ఉప్పు ఉండేది మాకు తెలీదా? ఆ నీళ్ళే గదా తాగి పెరిగింది." కాసేపు తెర వైపు చూసింది. "నీ మిషను ఒగతూరన్నా ఆడికొచ్చి ప్లేట్లు చూసినాదా?"

"అది ఎట్లా వస్తుందమ్మా? ఈడ కూర్చుని లెక్క చేస్తుంది."

"పోనీ, నువ్వు వచ్చినావా?"

ఆపరేటరు తెర వైపు చాలా శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు.

"మాకు ఈడ పని పోతే మళ్ళా తిరుమణి దిక్కు బ్లాకులకు పోవల్ల, ఆడ తీసుకుంటారో లేదో. దానికే అడుగుతాండా. ఒగదినం వచ్చి చూడు సారూ. చూసినంక పీకేస్తే పీకేయి, మేమేం అనం."

డైరెక్టర్ వచ్చి పోయాక తప్పకుండా వస్తానన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. గుమ్మంనుంచి ఆ గాజు గుండుకు మూడు నిమిషాల నడక. రెండేళ్ళలో ఒక్కసారి కూడా నడవలేదు. ఎండ ఎక్కువని ఒక కారణం. నాకు కావలసిన అంకెలన్నీ లోపలికే వస్తున్నాయన్నది అసలు కారణం.

తుడవడం ఆపిన తర్వాత తెర మీద అంకె రోజురోజుకూ కొంచెం కొంచెంగా పెరిగింది. నా ఆనందానికి హద్దు లేదు. ఒకరోజు ఆపరేటరు తనంతట తాను నోరు తెరిచాడు. అదే చాలా పెద్ద వార్త.

"సార్, మార్కులు పెరుగుతాండాయి. ఐతే మీటరు తగ్గుతాండాది."

"ఎండ తగ్గిందిగా. సెన్సర్ చూడండి, ఎండే తక్కువ పడుతోంది" అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఏప్రిల్ చివరి రోజులవి. గడ్డి పీకే ఆడవాళ్ళు కొంగులు తడిపి నెత్తిన వేసుకున్నారు.

"ఎండ తగ్గినాదా సార్?" అని అడిగి, నేను సెన్సర్ అంకె వైపే వేలు చూపిస్తే, "సరే, తగ్గినాదిలే" అనుకుని మళ్ళీ తెర వైపు తిరిగాడు.

పిల్లలూ, నా తప్పు మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. మీరు తెలివైనవాళ్ళని కాదు, మీ పేరు ఆ నివేదిక మీద లేదు కాబట్టి.

డైరెక్టర్ వచ్చిన రోజు గురించి చెబుతాను. ఆవిడది కన్నడం, నాతో ఎప్పుడూ కన్నడంలోనే మాట్లాడేవారు. తక్కువ మాటల మనిషి. ఎవరైనా మాట్లాడుతుంటే పెన్ను మూత తీసి, వాళ్ళు ముగించేదాకా మూత పెట్టేవారు కాదు. పదకొండు గంటలకు కంట్రోల్ రూమ్‌లో తెర ముందు కుర్చీలు వేశాం. మేనేజరు మజ్జిగ తెప్పించాడు. నేను ఉప్పు పొర గురించి చెప్పడం మొదలుపెట్టాను. తెర మీద ఎనభై ఐదు ఉంది. పక్కనే చిన్న పెట్టెలో మార్కులకు కారణం మోడల్ రాసి చూపిస్తూ ఉంది: తుడవకపోవడం.

సమీకరణం రెండో మెట్టు దగ్గర ఉన్నప్పుడు అంకె కదిలింది. తొంభై.

"పెరుగుతోంది" అన్నారు డైరెక్టర్.

"అవును మేడమ్" అన్నాను. గర్వంగానే అన్నాను.

తొంభై ఎనిమిది. ఆ తర్వాత నూట రెండు.

మేనేజరు చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేదు. మా శాస్త్రంలో చాలా సంగతుల మీద వాదించుకోవచ్చు గానీ పరీక్షలో పెట్టినదానికంటే ఎక్కువ మార్కులు ఎవరికీ రావన్న దాని మీద వాదన లేదు. నా చేతిలో సుద్దముక్క లేదు గానీ ఉండి ఉంటే పడిపోయేది. నూట యాభై. రెండు వందల పది. చివరికి మూడు వందల ఇరవై దగ్గర అంకె ఆగింది. పక్క పెట్టెలో మోడల్ ఏమాత్రం తొణక్కుండా అదే కారణం చూపిస్తోంది: తుడవకపోవడం.

"నేను మొదటినుంచీ..." అని మేనేజరు ఏదో అనబోయి, నా మొహం చూసి ఆగాడు.

డైరెక్టర్ మూత తీసి ఉన్న పెన్నుతో తెర చూపించారు. "ఇదేమిటి?"

"ఒక్క నిమిషం మేడమ్" అని బయటికి వచ్చాను. వెనకనుంచి ఆపరేటరు, "చివరి వరస సార్. ఎడమ చేతి పక్క" అన్నాడు. ఆయన గొంతులో ఏదో తృప్తి ఉన్నట్టనిపించింది.

బూట్ల కింద మన్ను పిండిలా లేచింది. చివరి వరస దగ్గర ప్లేట్ల నీడలో మేస్త్రక్క, ఇంకో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని సంగటి తింటున్నారు. పక్కన నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి. ఇనుప స్తంభం మీద గాజు గుండు కనబడలేదు. దాని నెత్తిన మేస్త్రక్క ఎర్ర టువ్వాలు రెండు మడతలేసి, చక్కగా ముడి కూడా వేసి ఉంది.

"ఏం సారూ, కరెంటు బాగా వస్తాండాదా?" అంది, చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని.

"ఎందుకు కప్పినావమ్మా దీన్ని?"

"పోయినేడు సద్దిమూట దీనికి తగిలించినాను. తెర ముందర కూసునే అన్న ఆణ్ణుంచి పరిగెత్తుకోని వచ్చినాడు, 'అక్కా, నీ మూట తీయి, లోపల అంకె నెత్తికెక్కినాది' అని. దీని మీద నీడ పడితే నీ మిషనుకు కుశాలన్న మాట అనుకున్యా. ఈ పొద్దు మీ బెంగుళూరు పెద్దమ్మ వచ్చిండాది గదా, కుశాలు చేద్దామని కప్పినా."

మిగతా ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

నేను టువ్వాలు ముడి విప్పాను. కింద గాజు గుండు మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. వేలితో గీస్తే గీత పడింది.

"దీన్నెవరు తుడుస్తారు?" అని అడిగాను. మా కాగితాల ప్రకారం వారానికొకసారి టెక్నీషియన్ తుడవాలి. తుడిచినట్టు టిక్కులు కూడా ఉన్నాయి.

"ఎవురొస్తారు ఈడికి? మేమే తుడుస్తాము. వరసంతా తుడిచి, చివర ఇంత బుడ్డిని అట్లే ఇడిసిపోతే మనసొప్పదు. మీ పెద్దమ్మ వచ్చే దినమైతే మేనేజరు ఈ కమ్మీలు గూడా తుడిపిస్తాడు, దీన్ని రెండు తూర్లు తుడుస్తాము."

నేను ఆ స్తంభం పట్టుకుని నిలబడిపోయాను. ఇనుము కాలుతోంది. చెయ్యి తియ్యాలని కూడా తోచలేదు.

దుమ్ము పట్టిన గుండు ఎండను తక్కువ చూపిస్తుంది. అంటే పరీక్ష నూరు మార్కులకు కాదు, ఎనభైకే అని చెబుతుంది. ఆ అబద్ధపు ఎనభైలో పిల్లవాడికి డెబ్భై వచ్చినా మొనగాడిలా కనబడతాడు. ఆడవాళ్ళు తుడిచిన రోజు గుండు కూడా శుభ్రపడి నిజం చెబుతుంది. నిజం చెప్పిన రోజున మార్కులు తగ్గినట్టుంటుంది. డైరెక్టర్ వచ్చిన రోజైతే మరీ నిజం చెబుతుంది. ఉప్పూ లేదు, పొరా లేదు. మోడల్ రెండు కారణాలూ సరిగ్గానే పట్టుకుంది. ఆ రెండూ పక్కపక్కన ఉంచి, ఇవి రెండూ ఎందుకు కలిశాయని ఒక పూట ఆలోచించి ఉంటే మూడు నిమిషాలు నడిచి ఇక్కడికొచ్చేవాణ్ణి. మర్యాద కోసం ఒకటి చెరిపేసి, రెండోదానికి సమీకరణం కట్టాను.

మేస్త్రక్క నా మొహం చూస్తూ ఉంది. అంతా అర్థమయిందో లేదో గానీ, నాకు ఏదో అయిందని మాత్రం ఆమెకు అర్థమైంది.

"ఏంది సారూ, తప్పు దొరికినాదా?"

"దొరికింది."

"ఎవురిది?"

ఆ క్షణంలో నాకు చాలా సులువైన దారి ఒకటి కనబడింది. టువ్వాలు ఆమె చేతికిచ్చి, లోపలికెళ్ళి, సెన్సర్ మీద ఏదో గుడ్డ పడింది మేడమ్ అంటే సరిపోతుంది. అది అబద్ధం కూడా కాదు. అంకె మళ్ళీ ఎనభై ఐదుకు దిగుతుంది, నేను సమీకరణం మూడో మెట్టు నుంచి అందుకుంటాను, సాయంత్రానికి అందరూ నన్ను మెచ్చుకుంటారు. వచ్చే నెల ఈ పన్నెండుమంది తిరుమణి వైపు పని వెతుక్కుంటూ పోతారు. ఇలాంటి ఆలోచన రాలేదని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది. వచ్చింది. కొంచెంసేపు ఉంది కూడా.

"నాదేనమ్మా" అన్నాను.

ఆమె చేతిలో ముద్ద నోట్లో పెట్టుకుంది. తీరిగ్గా నమిలి మింగింది. "ఐతే పోయి చెప్పు. తింటాంటాము మేము, యాడికీ పోము."

నేను లోపలికెళ్ళి చెప్పలేదు. డైరెక్టర్‌నే బయటికి రమ్మన్నాను. ఆవిడ గొడుగు వేసుకుని వచ్చారు, వెనక మేనేజరు. ఆపరేటరుకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. గుండు మీద టువ్వాలు కప్పి, అంకె పైకెక్కి ఆగేదాకా పట్టుకున్నాను.

"మూడు వందల పద్దెనిమిది" అంది ఫోన్.

టువ్వాలు తీశాను. "ఎనభై ఐదు."

మేస్త్రక్క లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, నా చేతిలోంచి టువ్వాలు తీసుకుని, ఒక కొస నీళ్ళల్లో తడిపి గుండును తుడిచింది. ఎలా తుడవాలో నాకు చూపిస్తున్నట్టు నెమ్మదిగా, చుట్టూ తిప్పి తుడిచింది.

"డెబ్భై... డెబ్భై రెండు సార్. ఆడికి ఆగినాది."

"అదీ మేడమ్ అసలు మార్కు" అన్నాను. "రెండు వారాలుగా తుడవకపోవడం వల్ల ఇంత నష్టపోయాం. నా నివేదిక తప్పు. మొదటినుంచీ తప్పు."

డైరెక్టర్ వంగి గుండును దగ్గరగా చూశారు. చివరికి, "రెండేళ్ళ లెక్కలో ఇది బయటపడే ఆనవాలు ఒక్కటి కూడా కనబడలేదా?" అని అడిగారు.

అక్కడే నేను ఆపేసి ఉండవచ్చు. కానీ తప్పు ఒప్పుకోవడం మొదలుపెట్టాక సగంలో ఆపడం ఇంకా కష్టమని ఆ రోజే తెలిసింది. "కనబడింది మేడమ్. మీ కారు గేటు దాటిన రోజల్లా కరెంటు తగ్గుతోందని మోడల్ చెప్పింది. మీరొస్తున్నారంటే దీన్ని రెండుసార్లు తుడుస్తారు కదా, అందువల్ల. ఆ లైను నేను తీసేశాను."

"ఎందుకు?"

"భయమేసి."

మేనేజరు గొడుగు నీడలోంచి ఒక అడుగు పక్కకు జరిగాడు, ఈ సంభాషణతో తనకు సంబంధం లేనట్టు. డైరెక్టర్ పెన్ను మూత పెట్టారు. "ఆ ఒక్క లైను ఉంచి ఉంటే నేను మీ నివేదికను ఒక్క నిమిషం కూడా నమ్మేదాన్ని కాదు" అన్నారు.

ఇంతకంటే గట్టిగా తిట్టినవాళ్ళున్నారు నన్ను. ఇంతకంటే గుర్తున్న తిట్టు మాత్రం లేదు.

మానిపించే ఆలోచన ఆ రోజే వెనక్కి తీసుకున్నారు. నాకు ఆ ఏడు రావలసిన పెద్ద హోదా రాలేదు. నివేదికను సవరిస్తూ ఒక పేజీ రాసి అందరికీ పంపాను. తప్పు నివేదిక నాలుగు పేజీలూ చదివినవాళ్ళు ఈ ఒక్క పేజీ చదివినట్టు లేదు. ఒకటి రెండేళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు ఫోన్ చేసి ఆ ఉప్పు సమీకరణం అడిగేవాళ్ళు. అది తప్పని చెబితే, పర్వాలేదు సార్ పంపండి అనేవాళ్ళు.

ఆపరేటరును అడిగాను, "గుండు తుడిస్తే మార్కులు తగ్గుతాయని మీకు ముందే తెలుసా?" అని.

"తెలుసు సార్."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు మిషన్ని అడిగినారు సార్. నన్ను అడగలేదు" అన్నాడు.

ఆ తర్వాత పని మళ్ళీ మొదటినుంచి చేశాను. ఈసారి మేస్త్రక్కతో కలిసి చేశాం. ఒక వరస తుడవడం, పక్క వరస వదిలెయ్యడం, ఏ వరసలో ఎంత కరెంటు వచ్చిందో మీటర్లోనే చూడడం. కుర్రవాడిగా ఉన్నప్పుడు ప్రయోగశాలలో మొదటి నెలలో నేర్పే పద్ధతి ఇది. నేను దాన్ని మరిచిపోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. గుండును తుడిచే పని కాగితం మీద కూడా ఆడవాళ్ళకే రాయించాం. దాని మీద సంతకం పెట్టేటప్పుడు మేస్త్రక్క, "ఇన్నేండ్లు సంతకం లేకుండా తుడిచినాం, ఇప్పుడు బాగా తుడవల్ల" అంది.

కొత్త నివేదిక సిద్ధమయ్యాక బెంగుళూరుకు పంపే ముందు దాన్ని పట్టుకుని చివరి వరస దగ్గరికి పోయాను. వాళ్ళ పని గురించి రాసింది వాళ్ళు వినకుండా పంపడానికి ఇక ధైర్యం చాలలేదు. ప్లేట్ల నీడలో కూర్చుని ఒక్కో మాటా చదివి, అర్థం చెప్పాను. మొదట్లో మొహమాటపడ్డారు. రెండో పేజీకి వచ్చేసరికి మొహమాటం పోయింది.

"వర్షాకాలంలో వానే ప్లేట్లను కడుగుతుంది కనుక ఆ నెలల్లో తుడవనక్కరలేదు" అని చదివాను.

పన్నెండుమందీ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"వాన యాడ సారూ?" అంది మేస్త్రక్క.

"ఈడే, పావగడలో."

ఇక ఆగలేదు వాళ్ళు. ఒకామె నవ్వి నవ్వి ప్లేటు కమ్మీకి తల కొట్టుకుంది. నాకూ నవ్వు వచ్చింది. మాదీ అదే సీమ కదా, వాన సంగతి నాకు తెలియనిదా. కానీ రాసేటప్పుడు పుస్తకంలో ఉన్న వర్షాకాలాన్ని రాశాను.

నవ్వు తగ్గాక మేస్త్రక్క చెప్పింది. "వానొస్తే మంచిదే సారూ. ఈడ వచ్చేది నాలుగు చినుకులు. ఉండే దుమ్మంతా బురద చుక్కలైపోతాది. దాన్ని తుడిచేకి రెండింతలు పని. ఆ నెలల్లోనే మమ్మల్ని వద్దంటే ఎట్లప్పా?"

ఆ మాట కొట్టేశాను. చినుకులు పడ్డ మర్నాడు తప్పక తుడవాలని రాశాను. తర్వాత నీళ్ళు పొద్దున పోయాలా, ఎండెక్కాక పోయాలా అన్న దగ్గర పెద్ద పేచీ వచ్చింది. ఆ రోజు సగమే అయింది. మర్నాడు రమ్మన్నారు. మర్నాడు పోతే పన్నెండుమందిలో ఒక్కరూ లేరు, ఊళ్ళో దేవర, అంటే అమ్మవారి జాతర. మూడు రోజులు ఎవరూ పనికి రాలేదు. నాలుగో రోజు వచ్చి మిగతా సగం విని, ఇంకో రెండు మాటలు కొట్టేయించి, సరే పంపు అన్నారు.

నివేదిక ఎందుకు ఆలస్యమైందని డైరెక్టర్ మెయిల్ పెట్టారు. పరిశీలకుల ఊళ్ళో దేవర జరుగుతోందని, అందరూ సెలవులో ఉన్నారని, వాళ్ళు చూడకుండా పంపడం నాకు ఇష్టం లేకపోయిందని జవాబు రాశాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. తర్వాతి నివేదికకు మాత్రం గడువు పెట్టేటప్పుడు, ఆ నెలలో వల్లూరులో పండగలేమైనా ఉన్నాయేమో కనుక్కుని చెప్పమన్నారు.